జూనియర్ న్యాయవాది సొంత డబ్బుతో తీర్పుల డేటాబేస్‌కు చందా కట్టాలా?

ఎగ్మూరు జూనియర్: నెల్లూరులో లా ముగించి, చెన్నైలో ఒక సీనియర్ గారి ఆఫీసులో చేరాను. అక్కడ డేటాబేస్ లాగిన్ ఒక్కటే ఉంది, దాన్ని ఎక్కువగా సీనియర్ గారే వాడుకుంటారు. తీర్పులు ఉచితంగా చదవగలిగే ఇండియన్ కానూన్ వెబ్‌సైటు, సుప్రీంకోర్టు తన తీర్పుల కోసం 2023 జనవరిలో ఉచితంగా తెరిచిన ఈ-ఎస్‌సీఆర్ ఉండగా, నాకొచ్చే స్టైపెండులోంచి వేరే చందా కట్టడం అవసరమా? పెద్దలు చెప్పగలరు.

హైకోర్టు సివిల్ ప్రాక్టీస్: అవసరమే. తీర్పు దొరకడం ఇప్పుడు పెద్ద పని కాదు, అది ఈ రోజుకీ చెల్లుతుందో లేదో తేల్చుకోవడమే అసలు పని. ట్రయల్‌పై ఇచ్చిన స్టేను కారణాలు చూపి పొడిగించకపోతే ఆరు నెలలకు దానంతటదే తొలగిపోతుందని 2018లో ఏషియన్ రీసర్ఫేసింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. 2024 ఫిబ్రవరి 29న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఆ సూత్రం చెల్లదని తేల్చింది. పాత తీర్పు పాఠం మాత్రం ఇప్పటికీ యథాతథంగా దొరుకుతుంది, చదివితే అందులో ఎక్కడా అనుమానం రాదు. ఎస్‌సీసీ ఆన్‌లైన్, మనుపాత్ర వంటి సేవలు ఒక తీర్పును తర్వాతి ధర్మాసనాలు ఏమన్నాయో పక్కనే గుర్తు పెట్టి చూపుతాయి. నా దృష్టిలో డబ్బు కట్టేది అందుకే.

ఎగ్మూరు క్రిమినల్ ప్రాక్టీస్: ఉదాహరణ సరైనదే గాని, దాని నుంచి మీరు తేల్చినదానితో ఏకీభవించలేను. ఇండియన్ కానూన్‌లోనూ ఒక తీర్పును తర్వాత ఉదహరించిన తీర్పుల జాబితా ఉంటుంది. కొత్తవాటి నుంచి వెనక్కి చూసుకుంటూ వస్తే రాజ్యాంగ ధర్మాసనం తీర్పు కంటబడి తీరుతుంది. డేటాబేస్ పెట్టే గుర్తు, తీర్పు పైన సారాంశంగా ఇచ్చే హెడ్‌నోట్ సంపాదకుల మాటలే తప్ప న్యాయమూర్తి మాటలు కావు. హెడ్‌నోట్ చదివి వాదన ముగించే అలవాటు జూనియర్లకు అంటుకోవడమే నన్ను ఎక్కువగా బాధిస్తోంది.

ఇంకొకటి చూడండి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లో 482వ సెక్షన్ హైకోర్టు స్వాభావిక అధికారాలది, కేసు కొట్టేయమని (క్వాష్) అడిగేది దాని కిందే. దాని స్థానంలో 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 482 ముందస్తు బెయిలుది, పాత 482 ఇప్పుడు 528 అయింది. అంకె కొట్టి వెతికితే క్వాష్ తీర్పులూ బెయిలు తీర్పులూ కలగాపులగంగా వచ్చిపడతాయి. బేర్ యాక్ట్ (వ్యాఖ్యానం లేని చట్టం పాఠం) పక్కన పెట్టుకుని చదివినవారికే అవి విడివడతాయి, చందా కట్టినంత మాత్రాన విడిపోవు.

హైకోర్టు సివిల్ ప్రాక్టీస్: రాత్రి తొమ్మిదికి ఫైలు చేతికిచ్చి, పొద్దున పదిన్నరకు వాదించమంటే, వందల తీర్పుల జాబితాను ఏ జూనియర్ వెనక్కి చూసుకుంటూ వస్తాడండీ? చదవవద్దని నేను అనలేదు. ఏది ముందు చదవాలో తెలియడానికి ఆ గుర్తు కావాలంటున్నాను.

ప్యారీస్ కార్నర్ పాత సభ్యుడు: చిత్తూరు, నెల్లూరు ఆస్తి తగాదాలు చూసే మన తెలుగువారికి ఒక మాట. 1954 జూలైలో ఆంధ్ర హైకోర్టు ఏర్పడక ముందు మద్రాసు హైకోర్టు ఇచ్చిన తీర్పులు తనకూ శిరోధార్యమేనని ఆంధ్ర హైకోర్టు ఫుల్ బెంచ్ (విస్తృత ధర్మాసనం) నిర్ణయించింది. అలాంటివాటికి తీర్పులు అచ్చువేసే, 1891లో మొదలైన మద్రాస్ లా జర్నల్ సంపుటాలు బార్ లైబ్రరీలో తిరగేయండి, పైసా ఖర్చు లేదు.

ఎగ్మూరు క్రిమినల్ ప్రాక్టీస్: సివిల్ మిత్రులు చెప్పిన సమయం సంగతి ఒప్పుకుంటాను. అయితే ఆ ఫైలు ఆఫీసుది, వకాలత్ సీనియర్ గారిది, ఫీజూ వారిదే. అప్పుడు చందా జూనియర్ స్టైపెండులోంచి ఎందుకు పోవాలి? ఎగ్మూరు జూనియర్ గారూ, రెండో లాగిన్ కావాలని మీ సీనియర్ గారిని అడగండి. అది వచ్చేదాకా ఈ-ఎస్‌సీఆర్‌లో తీర్పును మొదటి పేరా నుంచి చదవండి.