వాన లేకుండానే టెంట్ లోపల నీళ్లు, కింద నుంచి చలి: వంజంగి, లంబసింగి, భీమిలి క్యాంపింగ్ సందేహాలు

మద్దిలపాలెం_4:
అందరికీ నమస్కారం. మేం నలుగురం, ఇద్దరు పెద్దవాళ్లు, ఇద్దరు పిల్లలు. నలుగురు పట్టే డోమ్ టెంట్ ఉంది. పై షీటు కింది దాకా రాదు, నెత్తిన టోపీలా సగానికే ఆగిపోతుంది. పాడేరు దగ్గర వంజంగి కొండ కింద డిసెంబర్‌లో వేస్తే వాన చుక్క లేకపోయినా తెల్లారేసరికి లోపల గోడలన్నీ తడి. పరుపులు ఎత్తి చూస్తే వాటి కింద కూడా తడే. రెండేసి దుప్పట్లు కప్పుకున్నా వీపు కింద చలి ఆగలేదు. టెంట్‌తో వచ్చిన మేకులు ఎర్రమట్టి నేలలో సగం దిగకుండానే వంగిపోయాయి.

వచ్చే నెల లంబసింగి, ఆ తర్వాత భీమిలి వైపు సముద్రపు ఒడ్డున వేయాలనుకుంటున్నాం. టెంట్ కారుతోందా? కొత్తది కొనాలా? ఇసుకలో మేకులు నిలవవు కదా, అక్కడ ఏం చేస్తారు?

సీతమ్మధార_ఫ్లైషీట్:
కొత్తది ఇప్పుడే కొనకండి. వాన పడలేదంటున్నారు కాబట్టి అది కారడం కాదు, చెమర్చడం. చల్లటి మజ్జిగ గ్లాసు బయటివైపు చెమర్చినట్టే. ఒక్కో మనిషి ఊపిరి, ఒంటి చెమట కలిపి రాత్రికి దాదాపు పావు లీటరు నీరు గాల్లో కలుస్తుంది. నలుగురికి లీటరు. బయటికి దారి లేకపోతే అదంతా చల్లబడ్డ గుడ్డ మీదే పేరుకుంటుంది.

ఈసారి గోడ మీద వేలితో గీసి చూడండి. గోడంతా సన్నటి బిందువులు సమానంగా ఉండి, వేలు పోయిన దారిలో కలిసి కారితే అది చెమర్చిన నీరు. కుట్టు వెంబడి ఒక్క గీతలాగా తడిసి మిగతా గుడ్డ పొడిగా ఉంటే అది కారుడు. ఇంటి దగ్గరే తేల్చుకోవచ్చు. మేడ మీద టెంట్ బిగించి, లోపల పాత పేపర్లు పరిచి, ఒక్కో కుట్టు మీద ఐదు నిమిషాలు మగ్గుతో నీళ్లు పోయండి. పేపర్ ఎక్కడ తడిస్తే దానికి సరిగ్గా పైన ఉన్న కుట్టు చూడండి.

వంజంగి సంగతి ఒకటి అర్థం చేసుకోవాలి. కొండ మీద నుంచి పాలసముద్రంలా కనిపించే ఆ తెల్లటి మేఘాల పరుపు చాలా ఉదయాల్లో లోయలో పట్టిన పొగమంచే. ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి ఆగిపోయి, నేలలో చెమ్మ ఉన్న రాత్రి నేల వేడి ఆకాశంలోకి పోతుంది, లోయలో గాలి చల్లబడి మంచు కమ్ముతుంది. అదే రాత్రి అదే కారణంతో టెంట్ గుడ్డ చుట్టూ ఉన్న గాలికన్నా ఎక్కువ చల్లబడుతుంది. అంటే మీరు చూడ్డానికి వెళ్లే దృశ్యం బాగా కుదిరిన రోజే టెంట్ కూడా ఎక్కువ తడుస్తుంది. పూర్తిగా తప్పించలేం, తగ్గించగలం.

చలి అని కిటికీలు మూసేయడమే అందరూ చేసే పొరపాటు. తలుపు దోమతెర మూసే ఉంచి, దాని మీది గుడ్డ జిప్పును పైన నాలుగు వేళ్ల మేర తెరిచి పెట్టండి. ఎదురువైపు కిటికీ కూడా కొంచెం తెరవండి. గాలి ఒక వైపు నుంచి వచ్చి ఇంకో వైపు పోవాలి, ఒక్క కిటికీ వల్ల లాభం లేదు. తడి తువ్వాళ్లు, తడి బూట్లు మనుషులు పడుకునే చోట పెట్టకండి. తెల్లవారుజామున కొండ ఎక్కడానికి లేస్తారు కాబట్టి, లేవగానే గోడల్ని మెత్తటి గుడ్డతో ఒకసారి తుడిచి పిండేయండి. వదిలేస్తే ఆ నీరంతా పరుపుల్లోకి దిగుతుంది.

పరుపుల కింది తడికి రెండు కారణాలు ఉంటాయి. ఒంటి చెమ్మ పరుపులోంచి దిగి చల్లటి నేల గుడ్డ దగ్గర నీరవుతుంది. రెండోది, కింద పరిచిన బరకం టెంట్ అంచు దాటి బయటికి వచ్చి ఉంటే, గోడ మీద నుంచి జారిన మంచునీరు దాని మీద పడి టెంట్ కిందికే చేరుతుంది. బరకాన్ని నాలుగు వైపులా టెంట్ అంచుకన్నా నాలుగైదు వేళ్లు లోపలికే మడిచి పెట్టాలి. ఇది చాలామంది పట్టించుకోరు.

గాజువాక_బైక్:
సగం షీటు టెంట్ అయితే పైన ఒక ప్లాస్టిక్ బరకం కప్పేస్తే సరిపోతుంది కదా?

సీతమ్మధార_ఫ్లైషీట్:
ఆనించి కప్పితే ఇంకా చెడుతుంది, ఉన్న కాస్త గాలి దారీ మూసుకుపోతుంది. ఎడం ఉండేలా కట్టాలి. 12 బై 15 అడుగుల బరకం తీసుకుని, రెండు చెట్ల మధ్య తాడు బిగించి, టెంట్ నెత్తికి కనీసం అడుగు పైన ఇంటి కప్పులా రెండు వైపులకూ వాలేలా కట్టండి. అప్పుడు ఆకాశంలోకి వేడి పోగొట్టుకునేది బరకం, టెంట్ గుడ్డ కాదు. మంచు బరకం మీద పడుతుంది, కింద టెంట్ చాలావరకు పొడిగా ఉంటుంది. ఈ టోపీ టెంట్లకు ఇంతకన్నా మంచి మందు లేదు.

నర్సీపట్నం_రోడ్:
చలి గురించి నేను చెబుతాను. లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. మీరు చేయబోయేది ఆ బయట పడుకోవడమే కాబట్టి ఆ పేరును నమ్మండి.

సముద్ర మట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తు అది. వెయ్యి మీటర్లకు సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతాయి. ఆ లెక్కన విశాఖలో రాత్రి 18 ఉంటే అక్కడ 11, 12 ఉండాలి. కానీ చలి ముదిరిన రోజుల్లో అంతకన్నా బాగా కిందికి, ఒక్కోసారి సున్నా దరిదాపులకు పోతుంది. చల్లగాలి బరువు. రాత్రి కొండవాలు మీద నుంచి నీళ్లలా జారి పల్లంలో నిలుస్తుంది. అందుకే వరి మళ్ల గట్టు, గెడ్డ (వాగు) ఒడ్డు, పచ్చిక పల్లం పగలు ఎంత అందంగా కనిపించినా రాత్రికి చలిగుంటలు. అక్కడి నుంచి పదిహేను ఇరవై మీటర్లు పైకి, వాలు మధ్యలో చదునుగా ఉన్న చోటు చూసుకోండి. చెట్ల కింద అయితే మంచు కూడా తక్కువ. వేసే ముందు తలెత్తి ఎండుకొమ్మలు లేవని చూసుకోవాలి. వానాకాలంలో గెడ్డ పక్కన అసలు వేయకూడదు, పైన ఎక్కడో కురిసిన వానకు ఇక్కడ నీరు ఒక్కసారిగా పెరుగుతుంది.

వీపు కింద చలికి ఇంకో దుప్పటి కప్పుకుంటే లాభం లేదు. ఒంటి బరువుకు కింది దుప్పటి నలిగిపోతుంది, అందులో గాలి మిగలదు, వేడి నేరుగా నేలలోకి పోతుంది. గాలి ఊదే పరుపు మరీ మోసం. లోపలి గాలి అటూ ఇటూ తిరుగుతూ వేడిని కిందికి చేరవేస్తుంది. 10 ఎంఎం మందం గట్టి ఫోమ్ షీట్లు మనిషికి రెండు పొరలు వేయండి, పైన ఒక చాప. పరుపు మీద ఆర్ విలువ (వేడిని కిందికి పోనివ్వకుండా ఆపే శక్తికి కొలత) రాసి ఉంటే 2 దాటాలి, లంబసింగికి 3 ఉంటే నిశ్చింత. దుప్పట్లు కప్పుకోవడానికి నాలుగు ఉంటే, రెండు కింద వేసి రెండు కప్పుకోవడం మేలు.

స్లీపింగ్ బ్యాగ్ కొంటే పెద్ద అక్షరాల్లో ఉన్న అంకె చూసి మోసపోకండి. దాని మీద కంఫర్ట్ (హాయిగా నిద్రపట్టే చలి) అని ఒకటి, లిమిట్ (ముడుచుకుని ఎలాగో ఓర్చుకోగల చలి) అని ఒకటి, డిగ్రీల్లో ఉంటాయి. పెద్దగా అచ్చువేసేది చాలాసార్లు లిమిట్‌నే. పిల్లలకైతే కంఫర్ట్ అంకె 5 లేదా అంతకన్నా తక్కువ ఉన్నది తీసుకోండి. తల లోపల పెట్టుకుని ఊపిరి వదిలితే బ్యాగ్ తడిసి ఇంకా చలేస్తుంది. ముక్కు, నోరు బయట ఉంచి తలకు మంకీ క్యాప్ పెట్టండి. పడుకునే ముందు సాక్సులు మార్చి పొడివి వేయాలి. పగలంతా నడిచిన సాక్సుల్లో చెమట ఉంటుంది, కాళ్లు వేడెక్కవు.

అక్కయ్యపాలెం77:
పిల్లలున్నారు కదా, టెంట్‌లో కాసేపు చిన్న బొగ్గుల కుంపటి పెట్టి వేడెక్కాక తీసేస్తే?

నర్సీపట్నం_రోడ్:
దయచేసి ఆ ఆలోచనే వద్దు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు, దగ్గు కూడా రాదు. తలనొప్పి, మగత వస్తాయి. నిద్రలో ఉన్నవాళ్లకు అదీ తెలియదు. ప్రాణాలు పోతాయి. కిటికీ తెరిచినా, నిప్పులు బూడిద పట్టినా అంతే. గ్యాస్ స్టవ్ కూడా టెంట్ లోపల వెలిగించకూడదు. గట్టి మూత ఉన్న బాటిల్‌లో వేడినీళ్లు పోసి, సాక్సులో పెట్టి, పిల్లల కాళ్ల దగ్గర ఉంచండి. మూత బిగిశాక బాటిల్ తలకిందులు చేసి కారడం లేదని చూసుకోవాలి.

స్టవ్ మాట వచ్చింది కాబట్టి ఇదొకటి. మామూలు చిన్న గ్యాస్ డబ్బాల్లో ఉండేది ఎక్కువగా బ్యూటేన్. అది సున్నాకు అర డిగ్రీ కింద మరగడం ఆగిపోతుంది, ఐదారు డిగ్రీల దగ్గరే మంట నీరసిస్తుంది. డబ్బా అయిపోయిందనుకుని పారేస్తారు. రాత్రి దుప్పటి మధ్య పెట్టుకుని పొద్దున వాడితే చక్కగా మండుతుంది. అరకుకు కిరండూల్ రైల్లో వెళ్లేవాళ్లు మాత్రం గ్యాస్ డబ్బా తీసుకెళ్లకూడదు, నిషేధం.

భీమిలి_సరుగుడు:
మేకులు, ఇసుక నా వంతు. టెంట్‌తో వచ్చే సన్నటి తీగ మేకులు గ్రావెల్ నేలకు పనికిరావు. ఇనుప దుకాణంలో 8 ఎంఎం రాడ్డు అడుగు ముక్కలుగా కోయించి, ఒక చివర కొక్కెంలా వంచించి, ఇంకో చివర గ్రైండర్‌తో మొన తీయించండి. పన్నెండు చాలు. బరువు ఉంటాయి, కారులో వెళ్లేవాళ్లకు ఇబ్బంది లేదు. నేల మరీ గట్టిగా ఉంటే మేకు దిగే చోట మగ్గుడు నీళ్లు పోసి పది నిమిషాలు ఆగండి. మేకు తల టెంట్‌కు దూరంగా వాలి ఉండాలి, తాడు మేకుకు అడ్డంగా లాగాలి. తీసేటప్పుడు తాడు పట్టి గుంజకండి, ఇంకో మేకు కొక్కెం తగిలించి తిప్పుతూ లాగితే వస్తుంది.

ఇసుకలో మేకు మాటే మర్చిపోండి. ఐదు కిలోల బియ్యం సంచులు ఎనిమిది తీసుకెళ్లండి, ఖాళీవే. అక్కడే ఇసుక నింపి, మూతి కట్టి, సంచి నడుముకు తాడు వేసి, అడుగున్నర లోతు గొయ్యిలో అడ్డంగా పడుకోబెట్టి పూడ్చి తొక్కండి. పైన ఒక బకెట్ నీళ్లు పోస్తే ఇసుక బిగుస్తుంది. తాడు గోతిలోంచి నిట్టనిలువుగా పైకి వస్తే సంచి ఊడి వస్తుంది, టెంట్ వైపు ఏటవాలుగా రావాలి. అందుకని ఇసుకలో ఆ వైపు చిన్న కాలువ తీసి తాడును అందులోంచి తేవాలి. నాలుగు మూలలకే కట్టి వదిలేయొద్దు. పగలు గాలి సముద్రం మీద నుంచి వస్తుంది, రాత్రి ముదిరాక నేల వైపు నుంచి తిరుగుతుంది. సాయంత్రం గాలి చూసి ఒక వైపే బిగిస్తే తెల్లవారుజామున రెండో వైపు లేస్తుంది.

చోటు ఎంచుకునేటప్పుడు ఒడ్డున ఎండిన నాచు, పుల్లలు, చెత్త ఒక గీతలా పడి ఉంటుంది చూడండి. అది మొన్నటి పోటు హద్దు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఇంకా పైకి వస్తుంది కాబట్టి ఆ గీతకు బాగా ఎగువన, వీలైతే సరుగుడు తోట నీడకు వెళ్లండి. తోట ఎవరిదో కనుక్కుని అడిగి వేయాలి, రాలిన సరుగుడు ఆకు త్వరగా అంటుకుంటుంది కాబట్టి అక్కడ చలిమంట వేయకూడదు. ఎర్రమట్టి దిబ్బల్లో మాత్రం వేయొద్దు. అది భూవైజ్ఞానిక వారసత్వ స్థలం, మేకు దిగిన చోటల్లా వాన నీరు దారి చేసుకుని దిబ్బ కోసుకుపోతుంది.

మీరు వచ్చేది జనవరి తర్వాతైతే ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం. తెల్లటి లైట్లు చూస్తే ఒడ్డుకు ఎక్కకుండానే వెనక్కి పోతాయి, గుడ్లు పొదిగే రోజుల్లో అయితే తాబేలు పిల్లలు సముద్రం వైపు కాకుండా లైటు వైపు పాకుతాయి. లాంతరు టెంట్ లోపలే ఉంచండి, బయటికి వస్తే ఎర్ర లైటు వాడండి. తీసిన గోతులన్నీ పూడ్చి రండి.

ఇంటికొచ్చాక జిప్పులు, పోల్ అతుకులు మంచినీళ్లతో కడగాలి. ఉప్పు పట్టిన జిప్పు రెండో ట్రిప్పుకే బిగుసుకుంటుంది. ఆరాక కొవ్వొత్తి ముక్కతో ఒకసారి రుద్దండి.

పాడేరు_ఘాట్:
ఒక్క మాట కలుపుతాను. ఏజెన్సీలో ఖాళీగా కనిపించే నేల ఖాళీ కాదు, ఎవరో గిరిజన రైతు పొలమో, అటవీ శాఖదో అయి ఉంటుంది. ఊళ్లో అడిగి, ఎంతో కొంత ఇచ్చి వేయండి. డబ్బులిచ్చి వేసి ఉంచిన టెంట్లలో దిగితే మూడు చూడండి: షీటు కింది దాకా ఉందా, పరుపు కింద ఫోమ్ ఉందా, చలిమంట టెంట్లకు గాలి వాలున ఎంత దూరంలో ఉంది.

ఈ ప్రాంతంలో మలేరియా ఉంది, చలికాలం కదా అని వదిలేయొద్దు. సాయంత్రం నుంచి పిల్లలకు నిండు చేతుల చొక్కాలు వేసి, దోమల క్రీము రాయండి. తిరిగొచ్చాక, కొన్ని నెలల తర్వాతైనా సరే, జ్వరం వస్తే మాత్రలతో సరిపెట్టకుండా రక్త పరీక్ష చేయించి, ఏజెన్సీకి వెళ్లొచ్చామని డాక్టర్‌కు చెప్పండి.

మద్దిలపాలెం_4:
అందరికీ చాలా థ్యాంక్స్ అండి. మేడ మీద నీళ్లు పోసి చూశాను. గోడలన్నీ బాగున్నాయి, తలుపు పైన ఒక్క కుట్టు దగ్గర జానెడు మేర పేపర్ తడిసింది. లోపలి టేపు అక్కడ పొలుసులా లేచింది. ఏం పూయాలి?

సీతమ్మధార_ఫ్లైషీట్:
గుడ్డ లోపలివైపు నీళ్లు ఆపే పూత ఏదో చూడాలి. టేపు అతికించి ఉందంటే పాలీయురితేన్ పూతే. దానికి పాలీయురితేన్ సీమ్ సీలరే (కుట్లు మూసే జిగురు) పట్టుకుంటుంది. బాత్రూమ్‌లకు వాడే సిలికాన్ పూస్తే సరిగ్గా పట్టక ఊడి వస్తుంది, ఆ తర్వాత దాని మీద ఇంకేదీ అతకదు. లేచిన టేపు మేరకే తీసేసి, స్పిరిట్ గుడ్డతో జిడ్డు తుడిచి, కుట్టుకు రెండు వైపులా వేలెడు వెడల్పు పలచగా పూయండి. మందంగా ఒకేసారి వద్దు, పలచగా రెండు పూతలు. 24 గంటలు నీడలో ఆరనిచ్చి, అతుక్కోకుండా కాస్త టాల్కమ్ పౌడర్ రాసి మడవండి. మన ఊరి ఉక్కకు టెంట్ కొంచెం తడిగా సంచిలో ఉన్నా ఆ పూత ముద్దగా, జిగటగా మారి పుల్లటి వాసన వేస్తుంది, అప్పుడు బాగుచేయడం కుదరదు. అందుకని బిగుతు సంచిలో కాకుండా పాత దిండు గలీబులో వదులుగా పెట్టి అటక మీద కాకుండా బీరువాలో ఉంచండి.