మిస్సింగ్ వస్తే ముందు ప్లగ్ మార్చేయడమేనా, కారణం పట్టుకున్నాకే చెయ్యి పెట్టాలా?

మసిచేతులు:
అందరికీ నమస్తే. నా బండి 150 సీసీ, ఒకటే సిలిండర్, కార్బొరేటర్‌ది (పెట్రోల్, గాలి కలిపి ఇంజన్‌కి పంపేది), 41 వేల కిలోమీటర్లు తిరిగింది. పొద్దున స్టార్ట్ చేస్తే ఏ ఇబ్బందీ లేదు, ఒక పావుగంట నడిచి ఇంజన్ బాగా వేడెక్కాక మాత్రం మిస్సింగ్ కొడుతుంది, అదీ ఎత్తు ఎక్కేటప్పుడో వెనక మనిషి ఉన్నప్పుడో, తెగి తెగి లాగుతుంది, మెల్లగా పోతే ఏమీ ఉండదు. ప్లగ్ (సిలిండర్‌లో పెట్రోల్‌ని వెలిగించే స్పార్క్ ప్లగ్) మార్చాను. ఐదు రోజులు బ్రహ్మాండంగా నడిచింది, ఆరో రోజు మళ్ళీ అదే కథ. మా అన్నయ్యకి బళ్ళ పని తెలుసు, ఆయన ఇప్పుడు కాయిల్ (ప్లగ్‌కి పెద్ద వోల్టేజ్ ఇచ్చేది) మార్చు, తగ్గకపోతే సీడీఐ (స్పార్క్ ఎప్పుడు పడాలో చూసే పెట్టె), అదీ కాకపోతే కార్బొరేటర్, ఎక్కడో ఒకచోట దొరుకుతుంది అంటున్నాడు. నాకు ఆ పద్ధతి మింగుడు పడట్లేదు. అసలేంటో తెలియకుండా ఒక్కో పార్ట్ మార్చుకుంటూ పోవడం కరెక్టేనా? మీరేం చేస్తారు?

పాతఇంజన్:
తమ్ముడూ, మీ అన్నయ్యని తీసిపారేయకు. ప్లగ్ అనేది అరిగిపోయే వస్తువు, ఎలాగూ మార్చాల్సిందే, పది నిమిషాల పని. మిస్సింగ్ అని వచ్చిన బళ్ళలో నేను చేత్తో చూసినవాటిల్లో చాలావాటికి ప్లగ్‌తోనే పోయింది. దానికి ముందు మీటర్ పెట్టి గంటలు గంటలు కొలుస్తూ కూర్చోవడం నాకు నచ్చదు. తేలికైంది ముందు చెయ్యి, పోతే పోయింది, పోకపోతే అప్పుడు ఆలోచించు.

టాపెట్‌శబ్దం:
అన్నా మీ అనుభవానికి దండం, కానీ ఇక్కడే నేను గట్టిగా విభేదిస్తా. "ప్లగ్ మార్చాను పోయింది" అంటే తప్పు ప్లగ్‌దే అని కాదు. ప్లగ్ అరిగేకొద్దీ గ్యాప్ పెరుగుతుంది, ఎలక్ట్రోడ్ అంచులు గుండ్రంగా అయిపోతాయి, అప్పుడు స్పార్క్ దూకడానికి ఎక్కువ వోల్టేజ్ కావాలి. కొత్త ప్లగ్‌కి అంచులు పదునుగా ఉంటాయి, గ్యాప్ సరిగ్గా ఉంటుంది, తక్కువ వోల్టేజ్‌కే వెలుగుతుంది. అంటే కాయిల్ వీకైనా, ఎక్కడైనా కరెంట్ లీకవుతున్నా కొత్త ప్లగ్ కొన్నాళ్ళు దాన్ని కప్పేస్తుంది. తమ్ముడి ఐదు రోజులు అదే అని నా గట్టి అనుమానం, జబ్బు నయం కాలేదు, దాక్కుంది అంతే.

ఇంకో నష్టం కూడా ఉంది. పాత ప్లగ్ పారేస్తే సాక్ష్యం పోయినట్టే. మొహం పొడి మసితో నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువ పోతోంది, తెల్లగా కాలిపోయినట్టుంటే గాలి ఎక్కువైంది, నూనె జిడ్డుంటే పిస్టన్ రింగులో వాల్వ్ సీళ్ళో అరిగాయి, పెట్రోల్‌తో తడిసి ఉంటే లోపల స్పార్క్ పడట్లేదు, లేదా మరీ ఎక్కువ పెట్రోల్ పోతోంది. కానీ ఇంటికొచ్చి ఐడ్లింగ్‌లో పెట్టి ఆపి తీస్తే ఆ రంగు దేనికీ పనికిరాదు. మిస్సింగ్ కొడుతున్నప్పుడే క్లచ్ పట్టి ఇంజన్ ఆపేసి, పక్కకి తీసి, చల్లారనిచ్చి అప్పుడు తియ్యాలి. వేడి మీద తిప్పితే అల్యూమినియం హెడ్‌లో (సిలిండర్ పైభాగం) మరలు ఊడి చేతికొస్తాయి, జాగ్రత్త.

రాత్రిరైడర్:
నాకు ఇద్దరి మాటల్లోనూ ఒకటి మిస్సయినట్టుంది, మీరు స్పార్క్ దగ్గరే ఆగిపోయారు. పావుగంట తర్వాత మొదలవుతుంది అనగానే నాకు ముందు గుర్తొచ్చేది ట్యాంక్ మూత. మూతలో గాలి పోయే సన్న దారి మూసుకుపోతే ట్యాంక్‌లో వాక్యూమ్ పెరిగి పెట్రోల్ కిందికి దిగదు, కాసేపు నడిచి తెగుతుంది, ఆపి ఊరుకుంటే మళ్ళీ మామూలైపోతుంది, మనం ఇంజన్ చల్లారింది కాబట్టి బాగైంది అనుకుంటాం. నా బండికి ఇదే అయింది, మూడు వారాలు కాయిల్ కాయిల్ అని తిరిగా. మిస్సింగ్ వచ్చిన వెంటనే ఆపి మూత తియ్యి, సుయ్ మని గాలి లోపలికి పీల్చుకుంటే దొంగ దొరికినట్టే. అలాగే కార్బొరేటర్ కింద గిన్నె డ్రెయిన్ విప్పి ఆ పెట్రోల్ గాజు సీసాలో పట్టు, నీళ్ళుంటే అడుగున వేరే పొరగా కనిపిస్తాయి.

ఇంకోటి, యాక్సిలరేటర్ గ్రిప్ మీద తెల్ల టేపు అంటించి పావు, సగం, ముప్పావు దగ్గర గీతలు పెట్టుకో. ఏ గేర్‌లో ఉన్నా అదే గీత దగ్గర మిస్ కొడితే పెట్రోల్ వైపు చూడు, పావు లోపల అయితే పైలట్ జెట్, మధ్యలో అయితే నీడిల్, ముప్పావు దాటితే మెయిన్ జెట్ (మూడూ కార్బొరేటర్‌లో పెట్రోల్ ఎంత పోవాలో చూసే భాగాలే). గీతతో సంబంధం లేకుండా బరువు పడ్డప్పుడల్లా కొడితే స్పార్క్ వైపు.

వాల్వ్‌గ్యాప్:
టాపెట్లు (వాల్వ్‌ల దగ్గర ఉండాల్సిన సన్న ఖాళీ) ఎవరూ అడగలేదేంటి? గ్యాప్ బిగుసుకుపోయి ఉంటే వేడికి వాల్వ్ పొడుగై పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ పోతుంది, కార్బొరేటర్ లోంచి వెనక్కి తన్నుతుంది. 41 వేలు తిరిగిన బండికి ఫీలర్ గేజ్ (సన్న ఖాళీలు కొలిచే రేకులు) పెట్టి చూడటం తప్పనిసరి. చల్లటి ఇంజన్ మీదే చూడాలి.

పాతఇంజన్:
@టాపెట్‌శబ్దం కొత్త ప్లగ్ జబ్బుని కప్పుతుంది అన్నావే, అది ఒప్పుకుంటున్నా. కానీ నువ్వు కారణం పట్టుకోమంటున్నావ్ కదా, దేంతో పట్టుకుంటావ్, మల్టీమీటర్‌తోనా? మీటర్ కాయిల్‌కిచ్చేది కొన్ని వోల్టులు. లోపల నడిచేది వేలల్లో. ఇన్సులేషన్ వేడికి చచ్చిపోయిన కాయిల్ బల్ల మీద చల్లగా పెట్టి కొలిస్తే మాన్యువల్‌లో ఉన్న అంకె అచ్చు గుద్దినట్టు చూపిస్తుంది, నేను చూశా. కాయిల్ బాగుంది అని పక్కన పెట్టేసి నెల తిరిగాక మళ్ళీ దాని దగ్గరికే వచ్చినవాళ్ళున్నారు. అందుకే మేం మార్చి చూస్తాం. అది గుడ్డిగా చెయ్యడం కాదు బాబూ, మా టెస్టు అదే.

టాపెట్‌శబ్దం:
మీటర్ గురించి మీరన్నది నిజం, అందులో వాదన లేదు. ప్లగ్ బయటికి తీసి హెడ్‌కి ఆనించి కిక్ కొట్టి "స్పార్క్ వస్తోంది" అనడం కూడా అలాంటిదే. కంప్రెషన్ స్ట్రోక్‌లో లోపల ఒత్తిడి బయటి గాలి కంటే ఎన్నో రెట్లుంటుంది, అక్కడ దూకడానికి చాలా ఎక్కువ వోల్టేజ్ కావాలి, బయట నీలంగా టక్ టక్ మన్న స్పార్క్ లోపల అస్సలు పడకపోవచ్చు. ఎత్తులోనే మిస్ కొట్టడానికి కారణం అదే, యాక్సిలరేటర్ ఎక్కువ తిప్పితే లోపలికొచ్చే గాలి, పెట్రోల్ ఎక్కువ, ఒత్తిడి ఎక్కువ. (ఆనించకుండా గాల్లో వదిలేసి మాత్రం కిక్ కొట్టొద్దు, సీడీఐ పోవచ్చు.)

కానీ బాగుందని తెలిసిన కాయిల్ వేరే బండి నుంచి తెచ్చి, మిస్సింగ్ కొడుతున్నప్పుడే పెట్టి చూసి, మళ్ళీ పాతది పెడితే మిస్సింగ్ తిరిగొస్తుందా అని చూడటం వేరు, కొత్తది కొని బిగించేసి దండం పెట్టుకోవడం వేరు. పాతది తిరిగి పెట్టే ఓపిక ఎంతమందికుంది? అది చెయ్యకపోతే వైర్ కదిపినందుకు బాగైందో పార్ట్ మార్చినందుకు బాగైందో ఎప్పటికీ తెలీదు.

ఎఫ్ఐబండి:
ఎఫ్ఐ బండ్లకీ (కార్బొరేటర్ బదులు కంప్యూటర్ లెక్కతో పెట్రోల్ చిమ్మేవి) ఇదే వర్తిస్తుంది. డాష్‌బోర్డ్‌లో ఇంజన్ లైటు వెలగలేదు కాబట్టి బాగుంది అనుకోవద్దు, సెన్సార్ తెగితే లైటొస్తుంది కానీ ప్లగ్ అరిగిందనీ టాపెట్ బిగిసిందనీ చాలా బండ్లలో ఈసీయూకి (ఆ ఇంజన్ కంప్యూటర్‌కి) తెలీదు.

మసిచేతులు:
అందరూ చెప్పినవి వరసగా చేశా. ట్యాంక్ మూత తీశా, శబ్దం లేదు. గిన్నెలో నీళ్ళు లేవు. టేపు గీతలతో చూశా, గీతతో సంబంధం లేదు, బరువు పడితేనే. మిస్సింగ్‌లో ఉండగా చోక్ (గాలి తగ్గించి పెట్రోల్ పాళ్ళు పెంచేది) కొంచెం లాగితే ఇంకా ఎక్కువైంది, అంటే పెట్రోల్ తక్కువై కాదు. ఆపి చల్లారాక ప్లగ్ తీస్తే తడిగా ఉంది. టాపెట్లు రెండూ మాన్యువల్ ప్రకారమే ఉన్నాయి. కాయిల్ కూడా మీటర్‌లో కరెక్ట్, ప్లగ్ క్యాప్ (కాయిల్ వైర్‌ని ప్లగ్‌కి తగిలించే టోపీ) 5 కిలో ఓమ్స్ చూపించింది, దాని మీద రాసినంతే. పాతఇంజన్ అన్న చెప్పినట్టు మీటర్ నమ్మొద్దని ఆగా.

పాతఇంజన్:
తడి ప్లగ్, చోక్‌తో ఎక్కువవడం, బరువుకి రావడం, ఇంకేం కావాలి, పెద్ద కరెంట్ ఎక్కడో పారిపోతోంది. చీకటి పడ్డాక బండిని ఆరుబయట పెట్టు, గదిలో వద్దు, పొగ ప్రాణం తీస్తుంది. బాగా వేడెక్కించి కాయిల్, వైర్, క్యాప్ మీద నీళ్ళు మంచులా స్ప్రే చెయ్యి, రేస్ ఇచ్చి చూడు. చెయ్యి మాత్రం దగ్గర పెట్టకు.

మసిచేతులు:
దొరికింది! ఇరవై నిమిషాలు తిప్పి తెచ్చి చీకట్లో పెట్టా, మా అన్నయ్య రేస్ ఇస్తుంటే నేను వంగి చూశా. నీళ్ళు పడగానే ప్లగ్ క్యాప్ మెడ దగ్గర నుంచి హెడ్ ఫిన్ (ఇంజన్ చల్లబడటానికి ఉండే లోహపు రెక్క) మీదికి సన్నటి నీలం దారంలా చిట్ చిట్ మని దూకుతోంది, దూకిన ప్రతిసారీ ఇంజన్ ఒక దెబ్బ మింగేస్తోంది. పొద్దున క్యాప్ తీసి బట్టతో తుడిచి ఎండలో పెట్టి చూస్తే వెంట్రుక అంత చీలిక, దాని పక్కనే బూడిద రంగు గీత. చల్లగా ఉంటే కలిసిపోయి ఉంటుంది, వేళ్ళతో వంచితేనే కనిపిస్తోంది, వేడికి తెరుచుకుంటోందని నా లెక్క. మా అన్నయ్య బండి క్యాప్ పెట్టి నడిపా, మిస్సింగ్ లేదు. టాపెట్‌శబ్దం గారు చెప్పినట్టు పాతది మళ్ళీ పెట్టా, వచ్చింది.

టాపెట్‌శబ్దం:
చూశారా, తమ్ముడు ఆ వరసలో పోయుంటే కాయిల్, సీడీఐ, కార్బొరేటర్ మూడూ కొనేవాడు, మూడింటికీ పోయేది కాదు. అసలు దోషి ఆ లిస్టులోనే లేదు.

పాతఇంజన్:
లిస్టులో క్యాప్ లేకపోవడం మీ అన్నయ్య పొరపాటు, పద్ధతి పొరపాటు కాదు. నేను ప్లగ్ మార్చినప్పుడే క్యాప్ కూడా మార్చేస్తా, రబ్బరు 41 వేల కిలోమీటర్లు వేడి తిన్నాక దాన్ని నమ్మను. నా చేతికొస్తే మొదటిరోజే పోయేది.

టాపెట్‌శబ్దం:
పోయేది, కానీ ఎందుకు పోయిందో ఎవరికీ తెలిసేది కాదు అన్నా. ఇప్పుడు తమ్ముడికి తెలుసు, నాకు అదే ముఖ్యం.

మసిచేతులు:
కొత్త క్యాప్ వేశా. పాతది మర తిప్పి ఊడదీశాక వైర్ కొస పచ్చగా చిలుము పట్టి ఉంది, అర సెంటీమీటర్ కోసేసి తాజా రాగి కనిపించాక కొత్తది తిప్పా. ప్లగ్ గ్యాప్ 0.7 మిల్లీమీటర్లకి సరిచేశా, మా బండి మాన్యువల్‌లో అంతే ఉంది. నిన్న వెనక మనిషితో రెండు గంటలు ఎత్తుల్లో తిప్పా, ఒక్కసారి కూడా తెగలేదు. పాత క్యాప్ మా అన్నయ్య అడిగి తీసుకున్నాడు, తన బండికి కూడా చీకట్లో నీళ్ళ టెస్ట్ చేస్తాడట.