గోరంత కప్పను ఫోటో కోసం చేత్తో పట్టుకోవచ్చా?

ఆకుచాటు:
మొన్న రాత్రి నడకలో చిటికెన వేలి గోరంత కప్ప కనిపించింది. మాతో వచ్చినాయన దాన్ని అరచేతిలోకి తీసుకుని, నాచు పట్టిన రాయి మీద కూర్చోబెట్టి ఫోటోలు తీశారు. బొమ్మ చాలా బాగా వచ్చింది, కాదనను. కానీ నాకు మనసొప్పలేదు. వద్దంటే "ఒక్క నిమిషమేగా" అన్నారు.

కప్ప మనలా నోటితో నీళ్లు తాగదు. పొట్ట కింది చర్మంతో పీల్చుకుంటుంది. ఊపిరిలో కొంత భాగం కూడా చర్మం నుంచే. మన చేతికున్న దోమల క్రీము, సబ్బు, చెమట ఉప్పు అన్నీ ఆ దారినే లోపలికి పోతాయి. గుప్పెడంత కప్ప ఎంతో కొంత తట్టుకుంటుందేమో, గోరంత ఒంటికి ఆ కాస్తే ఎక్కువ. ముట్టుకోకూడదనే నా మాట. మీరేమంటారు?

మాక్రో కన్ను:
నేను ఒప్పుకోనండీ. వీపు ఒక్కటే చూస్తే చిన్న కప్పలు చాలావరకు ఒకేలా ఉంటాయి. కాలివేళ్ల మధ్య పొర, తొడ లోపలి రంగు, పొట్ట చూస్తేగానీ జాతి తేలదు. పాపువా న్యూగినీలో 7.7 మిల్లీమీటర్ల కప్ప ఉందని 2012లో లోకానికి తెలిసింది. ఆకుచెత్తను దోసిళ్లతో ఎత్తి సంచిలో వేసి, ఒక్కో ఆకూ తీసి వెతికితే దొరికింది. ముట్టుకోకుండా కూర్చుంటే దాని సంగతి ఎవరికి తెలిసేది? చెయ్యి తడి చేసుకుని ఒక్క నిమిషం పట్టుకుంటే తప్పేముంది?

ఆకుచాటు:
ఆ కప్ప ముందు దొరికింది చెవికి కదండీ! పురుగు కూతలాంటి అరుపు విని, అది వచ్చే చోటే వెతికారు. పశ్చిమ కనుమల్లో 2017లో ఏడు కొత్త 'రాత్రి కప్ప' జాతులను ప్రకటించారు. వాటిలో నాలుగు 12 నుంచి 16 మిల్లీమీటర్ల లోపువే. వాటి అరుపూ పురుగుల కూతలాగే ఉంటుంది. జాతి తేల్చాలంటే ఫోన్లో ఆ అరుపు రికార్డు చేయండి, చాలా పనికొస్తుంది. పరిశోధకులు అనుమతి తీసుకుని, కొత్త జాతిని నిరూపించడానికి పట్టుకుంటారు. మనం వెళ్లేది ఫోటోకి.

పైగా తడి చెయ్యి అన్నిటికీ మందు కాదు. కప్పలకు జబ్బు తెచ్చే కైట్రిడ్ అనే ఫంగస్ ఒకటుంది. చర్మానికి పట్టి, ఒంట్లో ఉప్పుల లెక్క తప్పించి, చివరికి గుండె ఆగిపోయేలా చేస్తుంది. కనీసం 501 ఉభయచర జాతులు తగ్గిపోవడంలో దాని పాత్ర ఉందని 2019లో ఒక పెద్ద అంచనా వచ్చింది. దానికి తడే కావాలి. ఒక కప్పను పట్టిన చేత్తో ఇంకో కప్పను పట్టామంటే మనమే మోసుకెళ్లినట్టు. ఒక వాగులో తడిసిన బూట్లతో ఇంకో వాగులో దిగినా అంతే.

వానకారు:
చేతుల గురించే మాట్లాడుతున్నారు, కాళ్ల మాటేమిటి? ఒక్క కప్ప చుట్టూ నలుగురు మూగితే ఎనిమిది కాళ్లు ఆకుల మీదే. కొన్ని చిన్న కప్పలకు తోకకప్ప దశే ఉండదు. తడి నేల మీద గుడ్లు పెడితే అందులోంచి నేరుగా బుల్లి కప్పలే వస్తాయి. నా కళ్లముందే ఒకరు వెనక్కి అడుగేసి ఒకదాన్ని తొక్కేశారు. ఇప్పటికీ తలుచుకుంటే బాధే.

మాక్రో కన్ను:
కాళ్ల మాట నిజం, ఒప్పుకుంటాను. బూట్లు కడిగి ఆరబెట్టడం కూడా సరే. మరి ముట్టుకోకుండా దాని సైజు ఎలా చూపించాలి? ఫ్లాష్ వాడొచ్చా?

ఆకుచాటు:
కప్ప వెళ్లిపోయాక అదే ఆకు పక్కన స్కేలు పెట్టి ఇంకో ఫోటో తీయండి. సైజు తెలిసిపోతుంది. ఫ్లాష్ అయితే పలుచటి తెల్ల గుడ్డ అడ్డం పెట్టి రెండు మూడు సార్లు, అంతే. చీకటికి అలవాటు పడ్డ కళ్లవి, వెంటనే తేరుకోవు. టార్చి కూడా సూటిగా కాకుండా పక్కనుంచి పట్టండి. అరుస్తున్న మగకప్ప ఆగిపోయిందంటే మనం మరీ దగ్గరికి వెళ్లినట్టే. లైటు ఆర్పి వెనక్కి జరిగితే మళ్లీ మొదలెడుతుంది. నేలకు ఆనుకుని దాని కంటి ఎత్తులో పడుకుని తీసిన ఫోటో, రాయి మీద కూర్చోబెట్టిన దానికన్నా నాకెప్పుడూ నచ్చుతుంది. తొడ రంగు కనబడకపోతే ఉత్త 'చెట్టు కప్ప' అని రాసి వదిలేస్తాను.

మాక్రో కన్ను:
అక్కడ మాత్రం నేను మీతో లేను, పేరు తెలియని ఫోటో నాకు సగం ఫోటోనే. సరే, ఈసారి అరుపు రికార్డు చేసి చూస్తాను. ఒక్కటి చెప్పండి, బండ్లు తిరిగే దారి మధ్యలో కూర్చుని ఉంటే?

ఆకుచాటు:
అప్పుడు తప్పక దాన్ని దారి మీంచి తప్పించండి. తడి ఆకు మీదకు ఎక్కించి, అది ఏ వైపు వెళ్తోందో ఆ వైపే దించండి. ఫోటో కోసం ఆగకండి.