కరెంటు పోయినప్పుడల్లా ఎస్‌డీ కార్డు పాడవుతోంది, ఎలా మౌంట్ చేయాలి (సిస్టమ్‌కి జోడించాలి)?

ప్రశ్న: పొలంలో మోటారు షెడ్డులో రాస్ప్‌బెర్రీ పై (చిన్న కంప్యూటర్ బోర్డు) పెట్టి నేల తేమ రీడింగులు రాయిస్తున్నాను. కరెంటు వచ్చిపోతూ ఉంటుంది, మూడు నెలల్లో రెండు కార్డులు పోయాయి, రెండోసారైతే బూట్ కూడా కాలేదు. ఈఎక్స్‌టీ4కి (కార్డు మీద లైనక్స్ వాడే ఫైల్ సిస్టమ్) జర్నల్, అంటే మార్పులను ముందుగా రాసుకునే చిట్టా, ఉంది కదా, మరి ఎందుకిలా?

జవాబు: జర్నల్ ముఖ్యంగా కాపాడేది ఫైల్ సిస్టమ్ నిర్మాణాన్ని, మీ రీడింగులను కాదు అన్నా. పైగా కార్డు లోపల ఓ చిన్న కంట్రోలర్ ఉంటుంది, కొంచెం రాయాలన్నా అది పక్కనున్న డేటాని కూడా అటూ ఇటూ జరిపి పెద్ద బ్లాకులు చెరుపుతుంది, ఆ మధ్యలో కరెంటు పోతే మీరు ముట్టుకోని ఫైలు కూడా పోవచ్చు, లైనక్స్‌కి ఆ సంగతే తెలియదు. రూట్‌ని (సిస్టమ్ ఫైళ్లుండే ప్రధాన భాగం) రీడ్-ఓన్లీ, అంటే చదవడానికి మాత్రమే, చేసేయండి. రాస్పీ-కాన్ఫిగ్‌లో (బోర్డు సెట్టింగుల ప్రోగ్రామ్) ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ ఆప్షన్ ఉంది, ఆన్ చేస్తే రూట్ మీద రాతలన్నీ ర్యామ్‌లోకే పోతాయి.

అడిగినవారు: మరి రీడింగులు? రీబూట్‌తో పోతాయిగా.

ఇంకో జవాబు: వాటికి వేరే యూఎస్‌బీ డ్రైవ్ పెట్టండి. ఎఫ్‌స్టాబ్‌లో (బూట్‌లో ఏ డ్రైవ్‌లు మౌంట్ చేయాలో చెప్పే ఫైలు) యూయూఐడీతో (డ్రైవ్‌కుండే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) రాసి నోఎటైమ్ (ఫైలు చదివిన ప్రతిసారీ ఆ సమయం రాయొద్దని), నోఫెయిల్ (డ్రైవ్ లేకపోయినా బూట్ ఆపొద్దని) చేర్చండి. నోఫెయిల్ లేకపోతే డ్రైవ్ ఊడిన రోజు బోర్డు బూట్ పూర్తి కాకుండా ఎమర్జెన్సీ మోడ్‌లో కూర్చుంటుంది, నేను 40 కిలోమీటర్లు బండి మీద వెళ్లి మరీ తెలుసుకున్నాను. రీడింగులు పది నిమిషాలకోసారి ఒకేసారి రాసి ఎఫ్‌సింక్ (డేటాని వెంటనే డ్రైవ్‌లోకి రాయించే ఆదేశం) పిలవండి. యూబీఐఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ వాడమని ఎవరైనా చెప్తే వినకండి, అది కంట్రోలర్ లేని నాండ్ (ఫ్లాష్ మెమరీ) చిప్పుల కోసం.

అడిగినవారు: ఓవర్‌లే ఆన్ చేశాను, నాలుగుసార్లు ప్లగ్ పీకి చూశాను, బూట్ అవుతోంది. డ్రైవ్ రేపు కొంటాను.