సమస్య: "నీరు పోసి కడుగ నెరసె గోడ"

నిర్వాహకుడు: మన సభ్యురాలొకరు పాత మండువా ఇంట్లో లోపలి గోడల పూత కొట్టించి, ఎర్ర ఇటుకలు కనబడేలా ఉంచారు. కడిగించాక వారు పంపిన ఫొటో చూస్తే తట్టిన పాదమిది. ఆటవెలదిలో పూరించండి.

పెద్దాపురం సభ్యురాలు:
ఇటుక గోడలోన నిమిడిన యుప్పెల్ల
తడిసి కరగి వెలికి దరలి వచ్చె;
ఆరినంత పొడిగ నంటుకొని మెరసె;
నీరు పోసి కడుగ నెరసె గోడ.

నిర్వాహకుడు: ధార హాయిగా ఉంది, అభినందనలు. విషయమూ నిజమే. ఇటుకలోని లవణాలు నీటిలో కరిగి, ఆ నీరు ఆవిరయ్యే చోట తెల్లగా తేలతాయి. మళ్లీ కడిగితే మళ్లీ వస్తాయి. పొడి కుంచెతో దులిపి, రాలిన పొడిని ఎత్తేయడం మేలు.

నెల్లూరు సభ్యుడు:
వైరు బ్రష్షు పట్టి వడివడి రుద్దగ
నిటుక పెచ్చు లూడి యెర్ర మన్ను
రాలె; సందులోని సున్నము పైబ్రాకె;
నీరు పోసి కడుగ నెరసె గోడ.

నిర్వాహకుడు: వైరు బ్రష్షు ఆటవెలదిలో ఇంత సుఖంగా ఇముడుతుందనుకోలేదు! మూడో పాదంలో మాత్రం యతి తప్పింది. "రా"కు "సు" చెల్లదు. "రాలె, సందు సున్న రసమది పైబ్రాకె" అనండి.

ఇంజినీరు సభ్యుడు: యతి సంగతి మీరు చూసుకోండి, నా పేచీ భావంతో. గట్టిపడ్డ సున్నం నీళ్లకు అలా పాకదు.

నెల్లూరు సభ్యుడు: నీళ్లకు కాదండీ, బ్రష్షు దెబ్బకు పొడైంది. ఆ పొడే నీళ్లలో కలిసి పూతలా ఆరింది.

ఇంజినీరు సభ్యుడు: అలాగైతే సరే. నిమ్మరసం చుక్క వేసి చూడండి. నురుగొస్తే సున్నం, తడిగుడ్డకే కరిగితే ఉప్పు. అలాగని బాత్రూం యాసిడ్ తెచ్చి పోశారో, ఇటుకల మధ్య సున్నం కూడా తినేస్తుంది. వైరు బ్రష్షు అసలు వద్దు. కాలిన ఇటుకకు పైపొరే రక్ష. ఊడిన సందుల్ని సిమెంటుతో పూడ్చకండి. తడి బయటికి పోయే దారి మూసుకుపోయి ఇటుకలోకి మళ్లుతుంది, ఉప్పు అక్కడే చేరి ఇటుకనే పగలగొడుతుంది. సున్నమే వాడండి. అన్నిటికన్నా ముందు ఆ తడి ఎక్కడిదో చూడండి, పైకప్పు నుంచో నేల నుంచో.

విశాఖ సభ్యుడు:
మురికి పోవుటెట్లు ముంగిటి గచ్చుకు?
తాత జుట్టు, వయసు దాట, నేమి
యాయె? నిటుక పేర్చ నగునది యేమిటి?
నీరు పోసి కడుగ, నెరసె, గోడ.

నిర్వాహకుడు: క్రమాలంకారం! మూడు ప్రశ్నలకూ చివరి పాదంలో వరుసగా మూడు జవాబులు. ఉప్పూ సున్నం గొడవే లేకుండా జారుకున్నారు. "దాట నేమి / యాయె" అని పాదం దాటించిన తీరు నాకు మరీ నచ్చింది.

రేపటి సమస్య: "బూజు దులుప నింట బూజు పెరిగె"