మంచు కురిసే ఊళ్లలో డ్రైవ్‌వేకు స్టాంప్డ్ కాంక్రీటు వేయించవచ్చా?

మినియాపొలిస్ గృహస్థు:

మూడేళ్ల కిందట వేసవిలో వీధి నుంచి గ్యారేజీకి కారు వెళ్లే మా డ్రైవ్‌వేకు, పెరట్లో కూర్చునే గచ్చు అయిన పాటియోకు ఒకే కాంట్రాక్టరు చేత స్టాంప్డ్ కాంక్రీటు వేయించాము. పచ్చి కాంక్రీటు మీద రంగుపొడి చల్లి, అచ్చు అంటుకోకుండా మరొక పొడి వేసి, రబ్బరు అచ్చులతో నొక్కి, నాపరాళ్లు పరిచినట్టు తీర్చిదిద్దే పని ఇది. పెరట్లోది ఈనాటికీ చెక్కుచెదరలేదు. డ్రైవ్‌వే మాత్రం మొదటి చలికాలం వెళ్లేసరికే గ్యారేజీ తలుపు ముందు, కార్లు ఆగే చోట, పెచ్చులుగా లేవడం మొదలైంది; మూడో చలికాలం దాటాక అక్కడ రంగు పూర్తిగా పోయి లోపలి కంకర కనిపిస్తున్నది. మేము దాని మీద ఒక్క పిడికెడు ఉప్పు కూడా చల్లలేదు.

ఈ పద్ధతిని 1950లలో బ్రాడ్ బౌమన్ రూపుదిద్దింది కాలిఫోర్నియాలో. అక్కడి వాతావరణానికి పుట్టిన పనిని నెలల తరబడి నేల గడ్డకట్టే మిన్నెసోటాకు తేవడమే పొరపాటని నాకిప్పుడు అనిపిస్తున్నది. ఇక్కడ ఇల్లు కట్టుకుంటున్న మనవాళ్లు చాలామంది ఇదే ఎంచుకుంటున్నారు కనుక అడుగుతున్నాను: చలి ప్రాంతాలలో దీనిని పూర్తిగా మానుకోవలసిందేనా?

మిషిగన్ కాంక్రీటు ఇంజినీరు:

మీ నష్టానికి చింతిస్తున్నాను, కానీ మీ నిర్ణయంతో ఏకీభవించలేను. పెచ్చులు లేవడానికి అచ్చు కారణం కాదు. నీరు గడ్డకట్టేటప్పుడు దాదాపు 9 శాతం వ్యాకోచిస్తుంది. కాంక్రీటు సూక్ష్మరంధ్రాలు నీటితో నిండి ఉన్నప్పుడు ఆ ఒత్తిడికి పోవడానికి చోటు లేకపోతే పైపొర పగిలి లేస్తుంది. ఆ చోటు కల్పించడానికే కలిపేటప్పుడు ఒక రసాయనం వేసి కంటికి కనబడనంత చిన్న గాలి బుడగలను కాంక్రీటు నిండా పుట్టిస్తారు. అమెరికా రోడ్ల మీద 1930లలోనే దీని ప్రయోజనం తెలిసివచ్చింది. ఇక్కడ వాడే కంకర పరిమాణానికి సుమారు 6 శాతం గాలి, నీరు–సిమెంటు నిష్పత్తి 0.45కు మించకపోవడం, 4,500 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌన్లు) బలం ఉంటే ఆ కాంక్రీటు సాదాగా ఉన్నా, అచ్చు వేసినా చలిని తట్టుకుంటుంది.

అసలు ప్రమాదం పైనున్న రెండు మూడు మిల్లీమీటర్లలో ఉంది. రంగుపొడి చల్లి మళ్లీ మళ్లీ తాపీతో రుద్దినప్పుడు ఆ పొరలోని గాలి బుడగలు నశిస్తాయి. ఎండకు కాంక్రీటు త్వరగా బిగిసి అచ్చు సరిగ్గా దిగకపోతే పనివాళ్లు పైన నీళ్లు చిలకరించి మెత్తబరుస్తారు. మన ఊళ్లలో గచ్చు చేసే మేస్త్రీలు కూడా నీళ్లు చిలకరించి నునుపు తేలుస్తారు. అక్కడ నేల గడ్డకట్టదు కనుక మహా అయితే కొన్నేళ్లకు దుమ్ము రేగుతుంది. ఇక్కడ అదే పని చేస్తే, లోపల ఎంత మంచి కాంక్రీటు ఉన్నా పైపొర మాత్రం బలహీనమై మొదటి చలికే ఊడుతుంది.

ఉప్పు చల్లలేదన్నారు. అయితే రోడ్ల మీద నగరం వారు చల్లిన ఉప్పు మీ కారు చక్రాల గూళ్లలో మంచుతో కలిసి గడ్డకట్టి, ఇంటికి వచ్చాక మీ గ్యారేజీ ముందే కరిగి కారుతుంది. పెచ్చులు సరిగ్గా కార్లు ఆగే చోట లేవడంలో ఆశ్చర్యం లేదు. ఉప్పునీరు కాంక్రీటును మరింత తడిగా ఉంచుతుంది, కరిగి గడ్డకట్టే విడతలనూ పెంచుతుంది. మీ దగ్గర ఆనాటి రెడీమిక్స్ లారీ (కలిపిన కాంక్రీటు తెచ్చే లారీ) టికెట్టు ఉంటే ఒకసారి చూడండి. సైటులో ఎన్ని గ్యాలన్ల నీళ్లు పోశారో అందులో రాసి ఉండాలి.

టొరంటో నివాసి:

ఇంజినీరు గారు చెప్పినవన్నీ పాటించారనే అనుకుందాము. అప్పటికీ కింద ఉన్న నేల ఊరుకోదు. మినియాపొలిస్‌లో పునాదులు 42 అంగుళాల లోతుకు, మా టొరంటోలో సుమారు 4 అడుగుల లోతుకు వేసేది ఆ మేరకు నేల గడ్డకడుతుంది కనుకనే. నాలుగంగుళాల పలక మాత్రం ఆ నేల మీదే కూర్చుంటుంది. బంకమన్ను లేదా ఒండ్రు కింది నుంచి నీటిని పైకి లాగి మంచు పొరలుగా పేర్చుకుని పలకను ఒక పక్క ఎత్తుతుంది. వసంతంలో కరిగి కుంగుతుంది. గుల్ల కంకర బాగా దిమ్మిస చేసి, నీరు బయటికి పోయే వాలు ఇస్తే ఇది తగ్గుతుంది, పోదు.

పలక బీటలు వారితే స్టాంప్డ్ కాంక్రీటులో చేయగలిగింది చాలా తక్కువ. అదే రంగు, అదే అచ్చు మళ్లీ తెచ్చినా కొత్త అతుకు పాతదానితో కలవదు. బీటలు అడ్డదిడ్డంగా రాకుండా 8 నుంచి 12 అడుగులకొక కోత, పలక మందంలో నాలుగో వంతు లోతుగా కోయాలి. రాళ్ల వరుస అందం చెడుతుందని ఆ కోతలు వద్దనే ఇంటివాళ్లను నేను స్వయంగా చూశాను. మేము పేవర్లు, అంటే ఇసుక మీద విడివిడిగా పరిచే కాంక్రీటు రాళ్లు, వేయించాము. అవి 8,000 పీఎస్ఐ బలంతో కర్మాగారంలో తయారవుతాయి. ఒకచోట కుంగితే ఆ పది రాళ్లు లేపి, ఇసుక సరిచేసి, అవే రాళ్లు మళ్లీ పరిచాము. సందుల్లో ఇసుక పోవడం, గడ్డి మొలవడం మాకూ ఉన్న బాధే. కానీ పెద్ద నష్టం లేకుండా సరిచేసుకోగలమన్న భరోసా నాకు రంగుల కన్నా ముఖ్యం.

చికాగో ఇల్లాలు:

మాది ఎనిమిదేళ్ల స్టాంప్డ్ పాటియో. బాగానే ఉంది, అయితే దానికదే ఉండలేదు. మెరుపు కోసం పైన వేసే యాక్రిలిక్ సీలరు రెండు మూడేళ్లకొకసారి మళ్లీ వేయాలి. ఒకసారి ఎక్కువైతే మంచిదని మందంగా రెండు పూతలు వేయించాము. కింది తేమ బయటికి రాలేక అంతా పాలమీగడలా తెల్లబారింది. ఆ చలికాలంలో తలుపు దగ్గర మా అత్తగారు జారి పడి మణికట్టు విరిగింది. సీలరులో కలిపే సన్నని గరుకు పొడి గురించి మాకెవరూ చెప్పలేదు. తరువాత పాత పూతనంతా తీయించి, లోపలికి ఇంకే సైలేన్ సీలరు వేయించాము. రంగు కొంచెం వెలిసినట్టుంటుంది కానీ కాలు జారదు, తేమ ఆవిరై బయటికి పోతుంది. మొదటి చలికాలం ఏ ఉప్పూ వాడలేదు; ఇప్పటికీ ఇసుకే చల్లుతాము. అమ్మోనియం నైట్రేటు, అమ్మోనియం సల్ఫేటు ఉన్న మంచు కరిగించే పొడులు కాంక్రీటునే తినేస్తాయి కనుక సంచి మీద చదవకుండా కొనకండి. మంచు తీసే పారకు ఇనుప అంచు కాక ప్లాస్టిక్ అంచు ఉండాలి.

మినియాపొలిస్ గృహస్థు:

టికెట్లు రెండూ దొరికాయి. ఒకే మిశ్రమం, 4,500 పీఎస్ఐ, గాలి 6 శాతం. పాటియో రోజున సైటులో నీళ్లు పోసినట్టు లేదు. డ్రైవ్‌వే రోజున 8 ఘనపు గజాల కాంక్రీటున్న లారీలో 25 గ్యాలన్ల నీళ్లు పోశారు. కింద సంతకం నాదే. ఆ సంతకం గడి దేనికో నాకు తెలియదు, లారీ వచ్చినందుకు రసీదు అనుకున్నాను.

మిషిగన్ కాంక్రీటు ఇంజినీరు:

ఘనపు గజానికి మూడు గ్యాలన్ల పైమాట. గ్యాలనుకు సుమారు 200 పీఎస్ఐ బలం తగ్గుతుందన్నది మా రంగంలో వాడే మోటు లెక్క. అంటే 600 పోయింది. నిష్పత్తి కూడా 0.45 దాటి ఉంటుంది. మీ సంతకంలో మీ తప్పేమీ లేదు, ఆ గడి ఏమిటో చెప్పవలసింది వాళ్లు.

టొరంటో నివాసి:

ఒక్క మాట. పాటియో మీద కార్లు ఆగవు, ఉప్పునీరు కారదు. కాబట్టి ఆ రెండు పలకల మధ్య తేడా నీళ్లు ఒక్కటే కాదు. దీనితో స్టాంప్డ్ కాంక్రీటు నిర్దోషి అని తేలదు.

మిషిగన్ కాంక్రీటు ఇంజినీరు:

ఒప్పుకుంటున్నాను. కార్లు నిలిచే చోటుకు నేనైనా రంగుపొడి మానేసి, రంగు మిశ్రమంలోనే కలిపించి, పైన చీపురు గీతలతో ముగించమంటాను; రుద్దడం తక్కువ, జారడమూ తక్కువ. అచ్చు పని పాటియోకు, ఇంటికి వెళ్లే నడక దారికి ఉంచుకోవచ్చు.

మినియాపొలిస్ గృహస్థు:

అయితే పాటియోను ముట్టుకోను. డ్రైవ్‌వే తీయించి చీపురు గీతలదో పేవర్లో ఏదో ఒకటి ఈ ఏడే వేయించాలని ఉంది. అక్టోబరులో కుదురుతుందంటున్నారు.

మిషిగన్ కాంక్రీటు ఇంజినీరు:

పేవర్లయితే నేల గడ్డకట్టకముందు ఎప్పుడైనా వేయించండి. కాంక్రీటయితే అక్టోబరు వద్దు. పోసిన తరువాత ఒక నెల గట్టిపడి, ఆరి, సీలరు పట్టాక గానీ దాని మీద ఉప్పునీరు పడకూడదు. పైగా 40 డిగ్రీల ఫారన్‌హీటుకు దిగిన రాత్రులలో బిగువు త్వరగా రావాలని క్యాల్షియం క్లోరైడు కలుపుతారు, అది రంగు కాంక్రీటును మచ్చలు చేస్తుంది. ఆగస్టు చివరికి పోత ముగిసేలా కుదరకపోతే మే నెల దాకా ఆగండి. పోసే రోజున లారీ దగ్గర గాలి కొలిచే పరికరంతో పరీక్షించే మనిషిని మీరే పిలిపించుకోండి.

మినియాపొలిస్ గృహస్థు:

మే నెలకే పెట్టుకుంటాను. టికెట్టు మీద ఈసారి చదివాకే సంతకం.