‘లోకేల్’ను తెలుగులో ఏమందాం? స్థానికతా, ప్రాంతమా, రివాజా?

హనుమకొండ నుంచి:
లినక్స్ డెస్క్‌టాప్ సెట్టింగుల తెలుగు వరుసలు సరిచూస్తుంటే ‘లోకేల్’ (తారీఖు, అంకెలు, కాగితం సైజు లాంటివి ఒక జాగల ఎట్లుండాలో చెప్పే సెట్టింగు) దగ్గర బండి ఆగింది. ఒక వరుసలో ‘స్థానికత’, ఇంకో వరుసలో ‘ప్రాంతం’, మరోచోట ఉత్త ‘లోకేల్’ అని ఉన్నది. ఒకే తెరమీద మూడు మాటలుంటే చదివేటోనికి మూడు వేరే సంగతులు అనిపిస్తయి. లోకలైజేషన్‌కు ‘స్థానికీకరణ’ స్థిరపడ్డది కాబట్టి దాని పక్కన ‘స్థానికత’ సాఫీగా పోతదని నా లెక్క. మాట చిన్నదే గానీ మెనూలో ఇరవై చోట్ల వస్తది. పెద్దలు చెప్పున్రి.

ఇంకొక్కటి: లోకేల్‌లో ‘లోకం’ వినిపిస్తది గానీ రెంటికీ చుట్టరికం లేదు. మనది సంస్కృత లోకం. అది లాటిన్ మాట నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌కు వచ్చింది, ఇంగ్లిష్‌లో పలుకుబడి ‘లొకాల్’కు దగ్గర. మనం ఎట్లాగూ లోకేల్ అనే అంటున్నం.

జనగామ నుంచి:
‘స్థానికత’ వద్దు, అన్నా. ఓరుగల్లు దిక్కు ఆ మాట వినంగనే ఎవరికైనా గుర్తొచ్చేది కంప్యూటర్ కాదు, నౌకరీ. 371డీ అధికరణం, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు, జోన్లు, స్థానికుడా స్థానికేతరుడా అన్న పంచాయితీ. ‘మీ స్థానికతను ఎంచుకోండి’ అని తెరమీద కనిపిస్తే మనిషి ఏ జిల్లాల చదివిండో పెట్టాల్నేమో అనుకుంటడు. ‘ప్రాంతం’తోని ఇంకో తిప్పలు: దాన్ని టైమ్ జోన్ అనుకుంటరు. టైమ్ జోన్ వేరే సెట్టింగు, అక్కడ ఏషియా/కోల్‌కతా అని పెడితే గడియారం సరిపోతది. లోకేల్ ఎంత మార్చినా గంట ముందుకు పోదు, వెనక్కు రాదు.

ఖాజీపేట నుంచి:
మాట ఎంచుకునే ముందు ఆ పెట్టెలో ఏమున్నదో విప్పి చూద్దాం. ముందే ఒక మనవి: మన అనువాదకుల గ్రూపు నియమం ప్రకారం ఆదేశాలను కూడా తెలుగు లిపిలోనే రాస్తున్న. టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలె.

టెర్మినల్‌లో ఉత్తగా ‘లోకేల్’ అని కొడితే ఒక జాబితా వస్తది. మొదట ల్యాంగ్, దాని కింద ఎల్‌సీ_ అని మొదలయ్యే 12 వర్గాలు, అడుగున ఎల్‌సీ_ఆల్. ఆ 12లో భాష కనిపించేది ఎల్‌సీ_మెసేజెస్ ఒక్కటే అనుకోవచ్చు. మిగిలినవన్నీ మర్యాదలు: తారీఖు ఎట్ల రాయాలె, అంకెల్లో కామా ఎక్కడ పెట్టాలె, డబ్బు గుర్తు ఏది, అక్షరక్రమం ఏది, కాగితం సైజు ఎంత, చిరునామా ఏ వరుసలో రాయాలె, కొలతలు మీటర్లా అంగుళాలా.

అంకెలే తీసుకోన్రి. 1234567ను అమెరికా ఇంగ్లిష్ లోకేల్‌లో ప్రింట్‌ఎఫ్‌తో కామాలు పెట్టి అచ్చువేస్తే 1,234,567 వస్తది. ఇండియా ఇంగ్లిష్‌కు మారిస్తే 12,34,567. భాష రెండుచోట్లా ఇంగ్లిషే. మారింది లక్షల్లో లెక్కపెట్టే మన అలవాటు. తారీఖు కూడా అంతే: అమెరికా పద్ధతిలో 09/08 అంటే సెప్టెంబరు 8, మన దగ్గర ఆగస్టు 9.

కాగితం సంగతి జెర ఆగి చూడాలె, ఎందుకంటే అసలు నష్టం కనిపించేది అక్కడనే. ‘లోకేల్ హైఫన్-కె ఎల్‌సీ_పేపర్’ అని కొడితే మన లోకేల్‌లో ఎత్తు 297, వెడల్పు 210 మిల్లీమీటర్లని చూపిస్తది, అంటే ఏ4. సిస్టమ్ పెట్టేటప్పుడు అమెరికా ఇంగ్లిష్‌నే ఉంచేస్తే కొత్త డాక్యుమెంట్ లెటర్ సైజులో, 279కి 216లో తెరుచుకుంటది. దాన్ని హనుమకొండ చౌరస్తాల జిరాక్స్ షాపుకు తీస్కపోతే అక్కడ ట్రేలో ఉన్నది ఏ4. వెడల్పులో 6 మిల్లీమీటర్లు పట్టవు, పొడుగులో 18 మిల్లీమీటర్లు ఖాళీ. అంచు దగ్గరి గీత తెగిపోతే ప్రింటర్‌ను తిడతరు, లోకేల్ మీద ఎవరికీ అనుమానం రాదు.

అందుకే ఇది జాగ పేరు కాదు, ఒక జాగ రివాజు. నా ఓటు ‘రివాజు’కే. మన నోట్లో ఉన్న మాట, అర్థం కూడా అచ్చంగ ఇదే.

కరీంనగర్ నుంచి:
రివాజు మాట మంచిదే సార్, కాని తీరం దిక్కు చాలామందికి అది ‘మామూలుగా జరిగేది’ అన్నట్టే వినిపిస్తది. ‘పద్ధతులు’ అంటే ఎక్కడైనా చెల్లుతది.

మాట సంగతి తేలేలోపు, తెలుగు లోకేల్ పెట్టుడు మొదటి గడపలోనే ఎక్కడ తప్పుతదో చెప్త, అనువాదకులకు ఇది తెలిసుండాలె. లోకేల్ పేరు: చిన్న టీ, చిన్న ఈ, అండర్‌స్కోర్, పెద్ద ఐ, పెద్ద ఎన్. టీఈ_ఐఎన్ అని రాస్త. తెలుగు కదా అని టీ-ఎల్ కొట్టకున్రి, అది ఫిలిప్పీన్స్ టగాలోగ్ భాష కోడు. మూడక్షరాల ‘టెల్’ అన్నది కీబోర్డు లేఅవుట్‌కు వాడేది, లోకేల్‌కు పనికిరాదు.

డెబియన్ (లినక్స్ పంపిణీల్లో ఒకటి, ఉబుంటు, ఫెడోరా గూడ అట్లాంటివే) వాడేటోళ్లు సుడో (నిర్వాహకుని హక్కుతో నడిపే మాట) డీపీకేజీ-రీకాన్ఫిగర్ లోకేల్స్ అని కొడితే పొడుగు జాబితా వస్తది. స్పేస్‌బార్‌తో నక్షత్రం పెట్టాలె, ఎంటర్ కొడితే ముందుకు పోతది. చాలామంది స్పేస్ మరిచి ఎంటర్ కొట్టి ‘తెలుగు రాలే’ అంటరు. ఇంకో తికమక: జాబితాలో మనది టీఈ_ఐఎన్ చుక్క యూటీఎఫ్-8 (అక్షరాల ఎన్‌కోడింగ్ పేరు) అని ఉండదు. టీఈ_ఐఎన్, ఖాళీ, యూటీఎఫ్-8 అని ఉంటది. చుక్కతో వెతికితే దొరకదు. తయారైనంక వాడేటప్పుడు మాత్రం చుక్కతో రాసినా నడుస్తది. ఉబుంటులో ల్యాంగ్వేజ్-ప్యాక్-టీఈ, ల్యాంగ్వేజ్-ప్యాక్-గ్నోమ్-టీఈ పెట్టుకోవాలె. ఫెడోరాలో ల్యాంగ్‌ప్యాక్స్-టీఈ పెట్టి, లోకేల్‌సీటీఎల్ సెట్-లోకేల్ వాడాలె. ఏదైనా సరే, లాగౌట్ చేసి మళ్ల లోపలికి వస్తేనే మార్పు కనిపిస్తది.

మెనూలు ఇంగ్లిష్‌లో ఉంచి తారీఖు, కాగితం, అంకెలు మాత్రం మనవి కావాలంటే ల్యాంగ్‌కు ఇండియా ఇంగ్లిష్, ఎల్‌సీ_టైమ్‌కు తెలుగు పెట్టి అప్‌డేట్-లోకేల్ కొట్టున్రి. గ్నోమ్ డెస్క్‌టాప్‌లో అయితే భాష ఒక వరుస, ఫార్మాట్లు ఇంకో వరుస, రెండూ విడివిడిగా మార్చుకోవచ్చు. ఫార్మాట్లు అక్కడ విడిగా పెట్టి ఉంటే ఆ మనిషి సెషన్‌లో దానిదే పైచేయి.

మొదటిసారి తెలుగుతో లోపలికి రాంగనే ‘ఫోల్డర్ల పేర్లు కూడా మార్చాలా’ అని అడుగుతది. పాతపేర్లే ఉంచమనున్రి. మారిస్తే డౌన్‌లోడ్స్ ఫోల్డర్ పేరు తెలుగులోకి పోతది, టెర్మినల్‌లో ప్రతిసారీ కీబోర్డు మార్చి కొట్టాలె, పాత పేరు నమ్ముకున్న స్క్రిప్టులు ఆగిపోతయి.

హనుమకొండ నుంచి:
అన్నా, ఎల్‌సీ_ఆల్‌కు అమెరికా ఇంగ్లిష్ పెట్టి చూసిన. అన్నిటికన్న పెద్దది అదే అంటరు కదా, అయినా సందేశాలు తెలుగులనే వస్తున్నయి. ఎందుకు?

కరీంనగర్ నుంచి:
ల్యాంగ్వేజ్ అనే వేరియబుల్ ఉన్నదా చూడున్రి తమ్మీ. ల్యాంగ్ వేరు, ల్యాంగ్వేజ్ వేరు. మామూలు వరుస ఇది: ఎల్‌సీ_ఆల్ ముందు, తర్వాత ఆ వర్గం ఎల్‌సీ_, చివరికి ల్యాంగ్. కానీ సందేశాల అనువాదం వరకు ల్యాంగ్వేజ్ వీటన్నిటికీ ముందు నిలుస్తది. అందులో టీఈ, కోలన్, ఈఎన్ అని ఉంటే ముందు తెలుగు వెతికి, లేకుంటే ఇంగ్లిష్‌కు పోతది. ఒక్కచోట మాత్రం దాని మాట చెల్లదు: లోకేల్ ఉత్త ‘సీ’ (ఏ దేశానిదీ కాని, ఇంగ్లిష్ సందేశాలిచ్చే మూల లోకేల్) అయినప్పుడు. అందుకే సహాయం అడిగేముందు తప్పు సందేశం ఇంగ్లిష్‌లో కావాలంటే, ఆదేశం ముందు ఎల్‌సీ_ఆల్ ఈక్వల్ సీ అని చేర్చి మళ్ల కొట్టున్రి. తెలుగు సందేశాన్ని వెతికితే జవాబు దొరకడం కష్టం. ఎల్‌సీ_ఆల్‌ను సిస్టమ్ ఫైల్లో శాశ్వతంగా మాత్రం రాయొద్దు, విడివిడిగా పెట్టినవన్నీ దాని కింద మునిగిపోతయి.

ములుగు నుంచి:
ఇంకో రెండు కూడా చేర్చుకోన్రి. ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు మిషన్లకు లాగిన్ చేసే సాధనం)తో వేరే సర్వర్‌లకు పోంగనే ‘సెట్టింగ్ లోకేల్ ఫెయిల్డ్’ అని పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాష మొత్తుకుంటది. డెబియన్, ఉబుంటుల ఎస్‌ఎస్‌హెచ్ మన ల్యాంగ్, ఎల్‌సీ_ విలువలను అటు మోసుకపోతది, అక్కడ తెలుగు లోకేల్ తయారై ఉండదు, అంతే. మన దిక్కు ఎస్‌ఎస్‌హెచ్ సెట్టింగుల ఫైల్లో సెండ్‌ఎన్వ్ వరుస తీసేస్తే సరి, సర్వర్‌ను ముట్టేది లేదు.

రెండోది, కంట్రోల్-ఆల్ట్-ఎఫ్3తో వచ్చే నల్లతెర. దాని ఫాంట్‌లో 512కు మించి గుర్తులు పట్టవు, ఒత్తులు, గుణింతాలు కలిపే పని దానికి రాదు. తెలుగు లోకేల్‌తో అక్కడికి పోతే డబ్బాలే. ఎక్స్‌పోర్ట్ ఎల్‌సీ_ఆల్ ఈక్వల్ సీ కొట్టి పని చూసుకోవాలె. మామూలు తెరమీద గూడ డబ్బాలొస్తే అది ఫాంటు లేక. ఫాంట్స్-టెలు-ఎక్స్‌ట్రా ప్యాకేజీల పోతన, వేమన ఫాంట్లున్నయి. బమ్మెర మన పాలకుర్తి పక్కనే, ఆ మాత్రం పెట్టుకోకపోతే ఎట్ల.

నర్సంపేట నుంచి:
అక్క అడుగుతున్నదనుకోన్రి. ఎల్‌సీ_టైమ్ తెలుగులో పెట్టి డేట్ కొడితే ‘గురువారం’ అంటది. మా ఇంట్ల, అంగడిల, బస్టాండ్ల ఎవరూ గురువారం అనరు, బేస్తారం అంటరు. ఆదివారం కాదు, ఐతారం. ఇది తెలుగు లోకేలా, ఒక దిక్కు తెలుగు లోకేలా?

జనగామ నుంచి:
బృహస్పతివారమే అరిగి బేస్తవారం, బేస్తారం అయింది, గురువన్నా బృహస్పతే. ఆదిత్యవారం అరిగితే ఐతారం. తీరం దిక్కు లక్ష్మివారం అనేటోళ్లు గూడ ఉన్నరు. పత్రికల్లో గురువారం స్థిరపడ్డది కాబట్టి అందరి ఫైల్లో అదే ఉండనియ్యాలె, దాన్ని మార్చమనుడు న్యాయం కాదు.

ఖాజీపేట నుంచి:
అందరిదీ మార్చకుండ మన మిషన్ల మనది పెట్టుకోవచ్చు అక్కా. యూఎస్‌ఆర్, షేర్, ఐ18ఎన్, లోకేల్స్ ఫోల్డర్‌లో టీఈ_ఐఎన్ అనే మూలఫైలు ఉంటది. (ఐ18ఎన్ అంటే ఇంటర్నేషనలైజేషన్, మొదటి చివరి అక్షరాల నడుమ 18 అక్షరాలు, రాయలేక లెక్కపెట్టిన్రు.) ఫెడోరాలో ఆ ఫైలు కోసం జీలిబ్‌సీ-లోకేల్-సోర్స్ ప్యాకేజీ పెట్టాలె. దాన్ని హోమ్‌లోకి కాపీ చేసి టీఈ_ఐఎన్@ఓరుగల్లు అని పేరు పెట్టున్రి, ఫైలు పేరు ఇంగ్లిష్ అక్షరాల్లనే.

లోపల ‘డే’ అని మొదలయ్యే వరుస వెతకాలె. ఏడు పేర్లు, కొటేషన్లలో, నడుమ సెమీకోలన్లు, మొదటిది ఆదివారం. ఒక పేరు నుంచి కింది వరుసకు దిగే ప్రతిచోటా చివర ముందుకు వాలిన గీత ఉంటది, వరుస ఇంకా అయిపోలేదని అది చెప్తది. దిద్దేటప్పుడు ఎక్కువగా తెగేది ఆ గీతనే, వెంటనే వాక్యనిర్మాణ దోషం చూపిస్తది. కొన్ని పంపిణీల్లో తెలుగు అక్షరాలే ఉంటయి, పాతవాటిలో కోణపు బ్రాకెట్ల నడుమ యూ0సీ06 లాంటి కోడ్లు ఉంటయి, అది ‘ఆ’.

తర్వాత సుడో లోకేల్‌డెఫ్ (మూలఫైలు నుంచి లోకేల్ తయారుచేసే ఆదేశం), హైఫన్-ఐ తర్వాత చుక్క-గీతతో సహా ఫైలు పేరు, హైఫన్-ఎఫ్ తర్వాత యూటీఎఫ్-8, చివరికి కొత్త లోకేల్ పేరు. ఎల్‌సీ_టైమ్‌కు ఆ పేరు పెట్టి డేట్ కొట్టున్రి. మెనూల అనువాదం పోదు, ఎట్ తర్వాతి తోక దొరకకుంటే అది ఉత్త టీఈకి దిగుతది. ఒక్కటి యాదుంచుకోవాలె: డెబియన్‌లో లోకేల్-జెన్ నడిచినప్పుడల్లా పాత మూట పడేసి కొత్తది కడతది, మనది అందులో పోతది, మళ్ల లోకేల్‌డెఫ్ కొట్టాలె. బ్రౌజర్, ఆఫీసు సూట్ ఈ ఫైలు చూడవు, వాటి వారాల పేర్లు వేరే దగ్గర ఉంటయి.

హనుమకొండ నుంచి:
అయితే వరుసలు ఇట్ల దిద్దుతున్న. బటన్ మీద ‘ప్రాంతీయ పద్ధతులు’, ఆదేశాల సహాయంలో ‘లోకేల్’. స్థానికత అన్నిచోట్లా తీసేసిన. ‘లోకేల్‌ని’ రాసేటప్పుడు ల్ తర్వాత కలపకుండా ఉంచే గుర్తు పెట్టకుంటే ‘లోకేల్ని’ అయి నకారం కిందికి దిగుతున్నది. ఆ గుర్తు మీ కీబోర్డుల లేకుంటే కంట్రోల్-షిఫ్ట్-యూ నొక్కి 200సీ కొట్టి ఎంటర్ చెయ్యున్రి.

నర్సంపేట నుంచి:
ఫైలు దిద్దిన, డేట్‌ల బేస్తారం వచ్చింది. మంగళవారం దగ్గర ఆగిన. మంగళారమా, మంగళ్వారమా, ఏది పెట్టాలె?